కన్సెంట్ ఫారంలో లేని ప్రశ్న

డిసెంబరు దగ్గరపడుతోందంటే పిల్లలకు ట్రిప్పుల హడావిడి. కన్సెంట్ ఫారం ఇంటికి రాగానే మనం అడిగేవి మూడే: బస్సు ఏసీయేనా? భోజనం ఎక్కడ? ఎన్నింటికి తిరిగొస్తారు? నాలుగో ప్రశ్న నేనూ ఎప్పుడూ అడగలేదు: దారిలో ఎవరికైనా దెబ్బ తగిలితే, ఆసుపత్రికి చేరేదాకా ఏం చేయాలో వెంట వెళ్లేవారిలో ఎవరికి తెలుసు?

కిందటి చలికాలం కుటుంబంతో మారేడుమిల్లి వెళ్లాం. వాగులో నాచు పట్టిన రాయి మీద కాలుజారి మా పాప పడింది. మోచేతి కింద లోతుగా తెగింది. ఫోనులో సిగ్నల్ లేదు. రంపచోడవరం ఆసుపత్రికి అడవి దారిలో పాతిక కిలోమీటర్ల పైనే. నేను బ్యాగులో కాఫీపొడి వెతుకుతున్నాను. చిన్నప్పుడు మా ఇంట్లో చూసిన వైద్యం అదే. ఈలోగా మా కారు డ్రైవరు శుభ్రమైన తువ్వాలు మడిచి గాయం మీద గట్టిగా అదిమిపట్టాడు. "మధ్యలో తీసి చూడకండి సార్, నొక్కే ఉంచండి" అన్నాడు. రక్తం ఆగింది. ఆసుపత్రిలో ఆరు కుట్లు పడ్డాయి. పదో తరగతి కూడా పూర్తిచేయని ఆయనకు తెలిసింది, ఇంజినీరింగ్ చదివిన నాకు తెలియదు.

ఊళ్లో అయితే 108కి ఫోన్ చేసి ఎదురుచూడొచ్చు. అడవిలో, కొండ మీద ఆ గంటా రెండు గంటలూ మనమే చూసుకోవాలి. వైద్యం అందడానికి గంటకు పైగా పట్టే చోట్ల కోసమే 'విల్డర్‌నెస్ ఫస్ట్ ఎయిడ్' అనే శిక్షణ ఉంది. మొదటి స్థాయి కోర్సు సాధారణంగా 16 గంటలు, అంటే ఒక శని, ఆదివారం. విరిగిన చేతికి కర్రతో ఆసరా కట్టడం, వడదెబ్బ తగిలినవారిని చల్లబరచడం, మనిషిని ఎప్పుడు కదపాలి, ఎప్పుడు కదపకూడదు వంటివన్నీ చేయించి నేర్పిస్తారు.

పాముకాటు సంగతే తీసుకోండి. సినిమాల్లో చూసినట్టు కోయకూడదు, నోటితో పీల్చకూడదు, తాడుతో బిగించి కట్టకూడదు. ఉంగరాలు, గాజులు తీసేసి, కాటు పడిన చెయ్యి లేదా కాలు కదలకుండా ఉంచి, విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రికి త్వరగా తీసుకెళ్లాలి.

టీచర్లకు ఇప్పటికే పని ఎక్కువే. అందుకే అందరికీ అని అడగడం లేదు. బస్సుకు ఇద్దరు శిక్షణ పొందిన పెద్దలుంటే చాలు. బయలుదేరేముందే దగ్గరి ఆసుపత్రి ఏదో, సిగ్నల్ ఎక్కడిదాకా ఉంటుందో రాసిపెట్టుకోవాలి. మన వంతుగా మనం కూడా పిల్లల ఆస్తమా, అలర్జీల సంగతి ఫారంలో దాచకుండా రాయాలి. ట్రిప్పుకు పంపరేమోనన్న భయంతో దాచేవాళ్లం మనలోనే ఉన్నాం.

ట్రిప్పులు మానేయమని కాదు. మా పాప ఈసారీ వెళ్తానంటోంది, పంపిస్తాను. వచ్చే పేరెంట్స్ మీటింగులో మాత్రం మార్కుల కంటే ముందు ఈ నాలుగో ప్రశ్నే అడుగుతాను. మీరూ అడగండి.