జవాబు ముందు... లెక్క తర్వాత!

ఒక వీధిలో ఇళ్లన్నీ ఒకే వరసలో ఉన్నాయి. 1, 2, 3... అంటూ నంబర్లు వేశారు. అందులో ఒక ఇంటికి ఓ విచిత్రం ఉంది. దానికి ఎడమ వైపున్న ఇళ్ల నంబర్లన్నీ కూడితే ఎంతొస్తుందో, కుడి వైపున్నవి కూడినా అంతే వస్తుంది. వీధిలో ఇళ్లు యాభైకి ఎక్కువ, అయిదొందలకు తక్కువ. ఆ ఇంటి నంబరెంత?

1914 డిసెంబరులో ఇంగ్లండులోని స్ట్రాండ్ పత్రిక పాఠకుల సరదా కోసం ఇచ్చిన లెక్క ఇది. కేంబ్రిడ్జిలో చదువుకుంటున్న ప్రశాంతచంద్ర మహలనోబిస్ (తర్వాత 1931లో భారత గణాంక సంస్థను స్థాపించింది ఈయనే) దీంతో కాసేపు కుస్తీ పట్టారు. ఓ అంకె వేసి చూడటం, కుదరకపోతే ఇంకోటి వేయడం... అలా కొన్ని నిమిషాల్లో జవాబు పట్టేశారు. పక్కనే పొయ్యి మీద కూర కలుపుతున్న మిత్రుడికి సరదాగా లెక్క చదివి వినిపించారు. ఆ మిత్రుడు గరిటె ఆపకుండానే, 'రాసుకో' అంటూ ఒక భిన్నం కింద మరో భిన్నం వేలాడుతూ పోయే గొలుసొకటి చెప్పారు. అందులో ఈ వీధి జవాబొక్కటే కాదు, ఇలాంటి వీధులు ఎన్నున్నా అన్నింటి జవాబులూ వరసగా ఉన్నాయి. ఆ మిత్రుడు శ్రీనివాస రామానుజన్. ఎలా వచ్చిందంటే, లెక్క వినగానే జవాబు ఫలానా రకం భిన్నమని తెలిసిపోయింది, ఏ భిన్నమా అనుకునేసరికి అదీ తట్టింది అన్నారట.

జవాబు: 288 ఇళ్ల వీధిలో 204వ ఇల్లు. నమ్మకం లేకపోతే చిన్న వీధిలో సరిచూసుకోండి. ఎనిమిదిళ్ల వీధిలో ఆరో ఇల్లు. ఎడమన 1 నుంచి 5 దాకా కూడితే 15. కుడిన 7, 8 కలిపితే 15. తర్వాతది 49 ఇళ్ల వీధి, ఇల్లు నంబరు 35. ఆ పైనే మన 204.

ఇలాంటి కథ వినగానే మనం రెండు చేతులూ జోడించేస్తాం. అంతా దైవదత్తం అనేస్తాం. రామానుజన్ కూడా నామగిరి అమ్మవారి దయ అనే చెప్పుకునేవారు. ఆ భక్తితో మనకు పేచీ లేదు. కానీ ఆ మాట దగ్గరే ఆగిపోతే పలకను మరిచిపోతాం. కుంభకోణంలో కాగితం కొనే స్తోమత లేక ఆయన పలక మీద లెక్కలు చేసేవారు. గుడ్డ కోసం వెతుక్కోకుండా మోచేత్తోనే చెరిపేసి మళ్లీ మొదలుపెట్టేవారు. కాలేజీ కుర్రాడి వయసులో చేతికి దొరికిన ఒక గణిత సూత్రాల పుస్తకంలో వేల సూత్రాలుండేవి, వివరణలు అంతంత మాత్రం. వాటిని సొంతంగా రాబట్టుకుంటూ ఏళ్లు గడిపారు. ఆ పిచ్చిలో మిగతా సబ్జెక్టులు తప్పి చదువే ఆగిపోయింది. కూర కలుపుతూ చెప్పిన జవాబు వెనకాల ఇన్నేళ్ల పలక ఉంది.

టాక్సీ నంబరు 1729 కథ అందరికీ తెలిసిందే. ఆస్పత్రి మంచం మీద పడుకుని, రెండు ఘనాల మొత్తంగా రెండు రకాలుగా రాయగల అతి చిన్న సంఖ్య అది అని తడుముకోకుండా చెప్పారు. (1, 12ల ఘనాలు కలిపినా, 9, 10ల ఘనాలు కలిపినా 1729.) అయితే ఆ లెక్క అంతకు చాలా ముందే ఆయన నోటు పుస్తకంలో ఉంది! ఆ రోజు పుట్టింది కాదు, ఆ రోజు గుర్తొచ్చింది.

మరి తట్టిందల్లా నిజమేనా? కాదు. 1913లో మద్రాసు నుంచి కేంబ్రిడ్జి గణితవేత్త హార్డీకి రాసిన మొదటి ఉత్తరంలోనే, ఒక సంఖ్య లోపల ఎన్ని ప్రధాన సంఖ్యలున్నాయో దాదాపు కచ్చితంగా చెప్పే సూత్రం తన దగ్గరుందని రామానుజన్ రాశారు. అది తప్పు. అయినా అది ఎవరినైనా బోల్తా కొట్టించే చోటు. పది లక్షల లోపు ప్రధాన సంఖ్యలు 78,498. పాతకాలం నుంచీ వాడుకలో ఉన్న ఒక అంచనా సూత్రం 78,628 అని చెబుతుంది. 130 ఎక్కువ. ఇంకా పైకి, కోట్లలోకి వెళ్లినా ఆ సూత్రం ఎప్పుడూ కాస్త ఎక్కువే చెబుతుంది. ఎన్నిసార్లు చూసినా అంతే అయితే మనసు ఏమంటుంది? 'ఎప్పటికీ అంతే' అంటుంది. హార్డీ సహచరుడు లిటిల్‌వుడ్ 1914లో కాదని నిరూపించారు. ఎక్కడో చాలా దూరాన ఆ సూత్రం తక్కువ చెప్పడం మొదలవుతుంది. ఆ తర్వాత అటూ ఇటూ అనంతంగా మారుతూనే ఉంటుంది. కళ్లతో ఎవరూ చూడలేని ఆ చోటికి వెళ్లింది నిరూపణ ఒక్కటే.

స్ఫురణ గొప్పదా, విశ్లేషణ గొప్పదా అనే వాదన నాకందుకే బొమ్మా బొరుసుల తగాదాలా కనిపిస్తుంది. 4ని కూడికలుగా విడగొట్టడానికి అయిదు దారులున్నాయి: 4, 3+1, 2+2, 2+1+1, 1+1+1+1. మరి 200ని? రామానుజన్ ఊహ, హార్డీ నిరూపణ పట్టు కలిసి 1918లో ఒక సూత్రాన్ని ప్రచురించాయి. అది ఇచ్చిన జవాబుకి దగ్గరి పూర్ణ సంఖ్య 39,72,99,90,29,388. మరోపక్క మేజర్ మెక్‌మాన్ అనే పెద్దాయన ఒక్కో మెట్టూ కూడుకుంటూ చేత్తో 200 దాకా పట్టిక వేశారు. రెండూ చివరి అంకె దాకా కలిశాయి. ఇద్దరిలో ఎవరు లేకపోయినా రెండో వాళ్లను పూర్తిగా నమ్మగలిగేవాళ్లమా?

మన పిల్లల లెక్కల పేపర్లలో 'జవాబు రైటే, స్టెప్స్ లేవు' అని మార్కులు కోస్తారు. స్టెప్స్ అడగడం తప్పని నేననను. కానీ జవాబు చూడగానే 'ఎవరి దగ్గర కాపీ కొట్టావ్?' అనడానికీ, 'ఎలా తట్టిందో చెప్పరా నాన్నా' అనడానికీ చాలా తేడా ఉంది. హార్డీ రెండోది చేశారు కాబట్టే మనకు రామానుజన్ మిగిలారు.

ఇక లెక్కల పుస్తకం దాటి ఇంట్లోకి వద్దాం. 'నాకెందుకో మనసు ఒప్పుకోవడం లేదు' అనే మాట రోజూ వింటూనే ఉంటాం. ఎప్పుడు దాన్ని నమ్మాలి? ఈ విషయంలో ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎదురెదురు జట్లలో ఉండేవారు. అమెరికాకు చెందిన గ్యారీ క్లైన్ అగ్నిమాపక అధికారులను పరిశీలించారు. ఆయన చెప్పిన ఒక ఉదంతంలో ఓ అధికారి తన బృందంతో ఇంట్లోకి వెళ్లి వంటగది మంట మీద నీళ్లు కొట్టిస్తున్నాడు. మంట లొంగడం లేదు. గది ఉండాల్సిన దానికన్నా వేడిగా ఉంది, చప్పుడు మాత్రం తక్కువ. ఎందుకో తెలియకుండానే అందరినీ బయటికి లాగేశాడు. అంతలోనే వాళ్లు నిలబడ్డ నేల కూలింది. అసలు మంట కింద నేలమాళిగలో ఉంది! రెండో ఆయన డేనియల్ కానెమన్. మన తొందరపాటు అంచనాలు ఎంత దారి తప్పుతాయో జీవితమంతా చూపించి, 2002లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ అందుకున్నారు. ఇద్దరూ కొన్నేళ్లు వాదించుకుని 2009లో కలిసి ఒక వ్యాసం రాశారు. అనుభవజ్ఞుడి స్ఫురణను నమ్మాలంటే రెండుండాలన్నారు. ఆ పనిలో ఒక క్రమం ఉండాలి. చేసింది తప్పో ఒప్పో త్వరగా తెలుస్తూ, చాలాకాలం సాధన జరగాలి.

ఈ కొలతతో చూస్తే చాలా తేటపడుతుంది. మూత తీయకుండానే వాసనతో 'అన్నం అడుగంటుతోంది' అనే అమ్మమ్మను నమ్మొచ్చు. ఆవిడకు రోజుకు రెండు పూటలా పరీక్ష, వెంటనే ఫలితం. 'ఈ షేరు పెరుగుతుంది, నా మాట విను' అనే బాబాయిని నమ్మడం కష్టం. ఆయన తప్పయినవి మరిచిపోతారు కూడా!

అనుభవం ఉన్నచోటా ఒక్కోసారి కాగితం అవసరమే. పుట్టిన బిడ్డ పరిస్థితిని ఒకప్పుడు డాక్టర్లు ఎవరికి తోచినట్లు వాళ్లు అంచనా కట్టేవారు. 1952లో అమెరికాలో మత్తు వైద్యురాలు వర్జీనియా ఆప్గార్ అయిదే అయిదు విషయాలు చూడమన్నారు. గుండె వేగం, ఊపిరి, కండరాల బిగువు, తాకితే స్పందన, ఒంటి రంగు. ఒక్కోదానికి 0, 1 లేదా 2 మార్కులు. మొత్తం తక్కువొచ్చిందంటే బిడ్డకు వెంటనే సాయం కావాలి. 'బాగానే ఉన్నట్లుంది' అని పక్కన పడుకోబెట్టే వీల్లేదు. నేటికీ మన ప్రసూతి వార్డుల్లో వేస్తున్న మార్కులు ఇవే.

కానెమన్ కుర్రాడిగా ఉన్నప్పుడు, 1950ల్లో ఇజ్రాయెల్ సైన్యంలో కొత్తవాళ్లను ఇంటర్వ్యూ చేసే పద్ధతి మార్చమన్నారు. మాట్లాడి మనసుకి తోచింది రాసేయడం కాకుండా, ఆరు లక్షణాలను విడివిడిగా ప్రశ్నలడిగి మార్కులు వేయమని ఆయన చెప్పారు. 'మమ్మల్ని మరమనుషులను చేస్తారా' అని ఇంటర్వ్యూ చేసేవాళ్లు గోల పెట్టారు. సరే, ఆరు మార్కులూ వేసేశాక కళ్లు మూసుకుని, ఆ కుర్రాడిని సైనికుడిగా ఊహించుకుని ఇంకో మార్కు వేయండి అన్నారు. తర్వాత ఫలితాలు చూస్తే పాత పద్ధతి కన్నా కొత్తది మెరుగు. ఆశ్చర్యమేమిటంటే, చివర కళ్లు మూసుకుని వేసిన మార్కు కూడా ఆ ఆరింటి మొత్తంతో సమానంగా పనికొచ్చింది!

మన పెళ్లిచూపుల్లోనూ, ఇంటి స్థలం కొనేటప్పుడూ జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు. ముందు ఉప్మా తింటూ 'సంబంధం బావుందే' అనేసుకుంటాం, తర్వాత దానికి సరిపోయే కారణాలు వెతుక్కుంటాం. ఈసారి బయల్దేరే ముందే ఓ కాగితం మీద అయిదారు ప్రశ్నలు రాసుకెళ్లండి. స్థలమైతే దస్తావేజులు, దారి, నీళ్లు... సంబంధమైతే మీ ఇంట్లో దేనికి విలువ ఇస్తారో అవి. ఒక్కోదానికీ ఇంట్లో ఒక్కొక్కరూ విడిగా మార్కులు వేయండి. ఒకరివి ఒకరు చూడొద్దు. అవన్నీ అయ్యాక కళ్లు మూసుకుని మనసేమంటోందో అడగండి. పెళ్లిచూపులైతే మాత్రం ముందు అమ్మాయినీ అబ్బాయినీ అడగండి.