బంతి వేసేవాడికేనా పరీక్ష?

భారత క్రికెట్‌లో రెండు న్యాయాలు అమల్లో ఉన్నాయి. బ్యాటర్ విఫలమైతే అది ఫామ్ సమస్య. జట్టు ఓపిక పడుతుంది. బౌలర్‌ను పక్కన పెట్టడానికి మాత్రం అతడు విఫలం కానవసరం లేదు. ‘జట్టు సమతూకం’ అన్న ఒక్క మాట చాలు. రాజకీయాలు గమనించేవారికి ఈ భాష కొత్త కాదు. మంత్రివర్గ విస్తరణలో ‘సమీకరణాలు’ అన్న మాట వినబడినప్పుడల్లా అర్హుడొకడు గడప బయట నిలబడతాడు. ఎందుకని అడిగితే చెప్పే నాథుడుండడు.

ఈ అంతరానికి చరిత్ర ఉంది. వలస పాలనలో బ్యాటింగ్ దొరలకూ సంస్థానాధీశులకూ వినోదం. వారికి బంతులు వేసిపెట్టడం కూలిపని. చర్మకార కుటుంబంలో పుట్టిన పల్వంకర్ బాలూ పుణెలోని తెల్లవారి క్లబ్బులో మైదానం పనులు చేస్తూ, సభ్యుల సాధన కోసం గంటల తరబడి బంతులు వేస్తూనే గొప్ప ఎడమచేతి స్పిన్నర్ అయ్యారు. 1911 ఇంగ్లండ్ పర్యటనలో ఆయన తీసిన వికెట్లు 114. ఆ జట్టుకు నాయకుడు పటియాలా మహారాజు. బాలూకు హిందూ జట్టు నాయకత్వం ఏనాడూ దక్కలేదు. ఆ ఇంటికి కెప్టెన్సీ 1923లో వచ్చింది. అదీ బ్యాటర్ అయిన తమ్ముడు విఠల్‌కు.

బాలూకు అడ్డుపడింది కులం. నేటి బౌలర్ల అనుభవాన్ని దానితో సమానం చేయడం ఆ గాయాన్ని చులకన చేయడమే. కానీ శ్రమ చేసేవాడు ఒకడు, పేరు మోసేవాడు మరొకడు అన్న ఆనాటి అమరిక మాత్రం మన క్రికెట్ ఆలోచనలో చెక్కుచెదరకుండా మిగిలింది.

రవిచంద్రన్ అశ్విన్ ఉదాహరణ చూడండి. 2021లో ఇంగ్లండ్‌లో జరిగిన నాలుగు టెస్టుల్లో ఒక్కదానిలోనూ ఆయనకు చోటివ్వలేదు. మరుసటి ఏడాది ఎడ్జ్‌బాస్టన్‌లోనూ అంతే. నాలుగో ఇన్నింగ్స్‌లో ఇంగ్లండ్ 378 పరుగుల లక్ష్యాన్ని మూడే వికెట్లు కోల్పోయి ఛేదించింది. 2023 జూన్‌లో ఓవల్‌లో జరిగిన ప్రపంచ టెస్టు చాంపియన్‌షిప్ ఫైనల్‌కు వచ్చేసరికి ఆయన టెస్టు బౌలర్ల ర్యాంకుల్లో మొదటి స్థానంలో ఉన్నారు. అయినా బెంచీయే గతి అయింది.

ఆ నిర్ణయం ఆట సూత్రాలకే విరుద్ధం. ఆఫ్‌స్పిన్నర్ వేలితో తిప్పిన బంతి ఎడమచేతి వాటం బ్యాటర్‌కు బయటి వైపుగా వెళుతుంది. ముందుకు వంగితే బ్యాటు అంచు తగిలి స్లిప్‌కు క్యాచ్. వెనక్కి జరిగితే వికెట్ల ముందు దొరికిపోయే ప్రమాదం. పిచ్ అంతగా తిరగకపోయినా, గాలిలో పక్కకు జరిగి అనుకున్న చోటు కంటే ముందే దిగే బంతి అశ్విన్ చేతిలో ఉంది. నాటి ఆస్ట్రేలియా తొలి ఏడుగురిలో నలుగురు ఎడమచేతి వాటం వారే. వారిలో ఒకడైన ట్రావిస్ హెడ్ 163 పరుగులు చేశాడు. చివరికి మనం ఓడింది 209 పరుగుల తేడాతో. అదే మైదానంలో ఆస్ట్రేలియా నమ్ముకున్న ఆఫ్‌స్పిన్నర్ నేథన్ లయన్ మన రెండో ఇన్నింగ్స్‌లో నాలుగు వికెట్లు పడగొట్టాడు.

మొదటి ఉదయం మబ్బు పట్టి ఉంది, పిచ్ పచ్చగా ఉంది, కాబట్టి నలుగురు పేసర్లు అవసరమయ్యారని సమర్థకులు అంటారు. 2021లో అశ్విన్ లేకుండానే లార్డ్స్‌లో, ఓవల్‌లో గెలిచామనీ గుర్తు చేస్తారు. రెండూ నిజాలే. అయితే టెస్టు అయిదు రోజుల ఆట. ఒక ఉదయపు మబ్బును చూసి అయిదు రోజుల జట్టును కూర్చడం వ్యూహం అనిపించుకోదు. పైగా ఆరు టెస్టు శతకాలు సాధించిన అశ్విన్‌ను ‘బ్యాటింగ్ లోతు’ కోసం వదులుకోవడం ఏ లెక్క?

ఇదే కాలంలో విరాట్ కోహ్లీ 2019 నవంబరు తరువాత మరో టెస్టు శతకం కోసం 2023 మార్చి దాకా నిరీక్షించారు. ఆయన్ను కొనసాగించడం తప్పని నేననను. గొప్ప ఆటగాడికి వ్యవధి ఇవ్వాలి. ఆ వ్యవధిలో పదో వంతు గొప్ప బౌలర్‌కు ఎందుకు దక్కదన్నదే నా ప్రశ్న. 2024 చివర ఆస్ట్రేలియాలో మొదటి మూడు టెస్టులకు ముగ్గురు వేర్వేరు స్పిన్నర్లను ఆడించారు. మూడోది ముగిసిన రోజే, 537 వికెట్ల అశ్విన్ సిరీస్ మధ్యలో వీడ్కోలు పలికారు.

ఈ నిర్ణయాలకు జవాబుదారీ ఎవరు? క్రికెట్ బోర్డు సమాచార హక్కు చట్టం పరిధిలోకి వస్తుందని 2018లో కేంద్ర సమాచార కమిషన్ తేల్చింది. 2025లో పార్లమెంటు ఆమోదించిన జాతీయ క్రీడా పాలన చట్టం మాత్రం ప్రభుత్వ నిధులు తీసుకునే సంస్థలకే ఆ బాధ్యతను పరిమితం చేసింది. జట్టు దేశం పేరుతో ఆడుతుంది, దేశపు భావోద్వేగాలతో ఆర్జిస్తుంది. ప్రశ్న వచ్చేసరికి అది ప్రైవేటు సొసైటీ!

ప్రతి సిరీస్ తరువాత సెలెక్టర్లు, జట్టు యాజమాన్యం తమ ఎంపికలకు కారణాలను లిఖితపూర్వకంగా ప్రకటించాలి. బ్యాటర్‌కైనా బౌలర్‌కైనా ఒకే కొలబద్ద ఉండాలి. టెస్టు గెలవాలంటే ఇరవై వికెట్లు తీయాలి. ఆ పని చేసేవాడిని జట్టులో అతిథిగా చూసినంత కాలం, విదేశాల్లో ఓటమికి వాతావరణాన్ని నిందించే హక్కు మనకు లేదు.