ఇంటర్నెట్ ఆగినప్పుడు ముందు దీపాలను చూడండి

ఒమన్‌లో నివసించే తెలుగు కుటుంబాలకు ఇంటర్నెట్ నేడు విలాసవస్తువు కాదు. స్వదేశంలోని వృద్ధులైన తల్లిదండ్రుల క్షేమసమాచారం, పిల్లల తెలుగు పాఠాలు, కొందరి ఉద్యోగ విధులు సైతం గోడలోంచి వచ్చే ఒక సన్నని గాజు తీగెపై ఆధారపడి ఉన్నాయి. ఆ తీగె మూగబోయినప్పుడు మనం సాధారణంగా చేసేది ఒక్కటే: రౌటర్‌ను ఆపి మళ్ళీ వెలిగించడం, ఫలితం లేకపోతే సంస్థను నిందించడం. అలా చేస్తే ఒక్కొక్కసారి పని జరగవచ్చు. కాని కారణం తెలియదు గనుక రేపు అదే బాధ తిరిగి వస్తుంది. రోగనిర్ణయం లేని ఈ వైద్యాన్ని మాని, లోపం ఏ భాగంలో ఉన్నదో తేల్చుకొనే పద్ధతిని ప్రతి ఇంటా పిల్లలూ పెద్దలూ నేర్వాలని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఈ ఆలోచన ఒమన్ తీరానికి కొత్త కాదు. 1864లో భారతదేశాన్ని ఐరోపాతో కలిపేందుకు పర్షియన్ గల్ఫ్‌లో వేసిన టెలిగ్రాఫ్ కేబుల్ ముసందం మీదుగానే సాగింది. అక్కడి ఒక చిన్న దీవిని నేటికీ టెలిగ్రాఫ్ దీవి అంటారు. టెలిగ్రాఫ్ ఇంజనీర్లు తెగిన కేబుల్ యొక్క విద్యుత్ నిరోధాన్ని ఒడ్డునుండి కొలిచి, తెగిన చోటును లెక్కగట్టేవారు. నేటి సాంకేతికులు గాజులోకి కాంతి స్పందనను పంపి, అది తిరిగివచ్చే కాలాన్ని కొలుస్తారు. గాజులో కాంతి వేగం సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు. ప్రతిఫలనం సెకనులో లక్షవ వంతు కాలంలో తిరిగివస్తే, లోపం ఒక కిలోమీటరు దూరాన ఉన్నట్లు.

మన ఇంట్లో అట్టి పరికరం అక్కరలేదు, దీపాలు చాలు. ఫైబర్ వచ్చి చేరే పెట్టెమీద ఎల్.ఓ.ఎస్. అనే దీపం ఎర్రగా మెరుస్తూ ఉంటే కాంతి అందడం లేదని అర్థం. అప్పుడు రౌటర్‌ను ఎన్నిసార్లు ఆపి వెలిగించినా ప్రయోజనం లేదు. తీగె బల్లకింద నలిగిందా, పదునుగా వంగిందా అని చూడాలి. ఈ దృశా తంతువులో కాంతి నడిచే మధ్యభాగం వెడల్పు సుమారు 9 మైక్రాన్లు మాత్రమే; తీగె బాగా వంగితే కాంతి బయటికి జారిపోతుంది. తీగె కొనను మాత్రం కంటికి ఎదురుగా పెట్టి చూడరాదు. అందులోని కాంతి పరారుణం. కనిపించకుండానే హాని చేయగలదు.

ఎర్రదీపం లేక, పి.ఓ.ఎన్. దీపం నిలకడగా వెలుగుతూ ఉంటే గాజు తీగె క్షేమం. అప్పుడు కంప్యూటర్‌ను కేబుల్‌తో నేరుగా రౌటర్‌కు తగిలించి పరీక్షించాలి. కేబుల్‌తో వేగం బాగుండి పడకగదిలో లేకపోతే దోషం వైఫైది. కాంక్రీటు గోడలను 5 గిగాహెర్ట్జ్ తరంగాలు 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలంత సులభంగా దాటలేవు. వేడిని కూడా మరువరాదు. 2018 జూన్‌లో ఖురయాత్‌లో ఒక దినమంతా ఉష్ణోగ్రత 42.6 డిగ్రీలకు దిగువకు రాలేదు. ఇళ్ళలో వాడే అనేక రౌటర్లు 40 డిగ్రీల వరకే నిర్దేశింపబడినవి. కనుక వాటిని మూసిన అలమారులో దాచడం తగదు.

కేబుల్‌తోనూ మందంగా ఉండి, ఒమన్‌లోని సైట్లు తెరుచుకొంటూ దూరదేశపు సైట్లు మాత్రమే మొరాయిస్తే లోపం సముద్రగర్భంలోనే ఉండవచ్చు. 2024 ఫిబ్రవరిలోనూ, 2025 సెప్టెంబరులోనూ ఎర్రసముద్రంలో కేబుళ్ళు తెగినప్పుడు ఆసియా, ఐరోపాల మధ్య రాకపోకలు మందగించాయి. రౌటర్ వెనుక రంధ్రంలో సూది గుచ్చి రీసెట్ చేసినందువల్ల ఎర్రసముద్రం బాగుపడదు. పైగా సంస్థవారు అమర్చిన వివరాలు చెరిగిపోయే ప్రమాదమున్నది.

సంస్థలకూ బాధ్యత ఉన్నది. ఒమన్‌లో అనేక గృహాలకు తీగె వేసేది ఒమన్ బ్రాడ్‌బ్యాండ్ కాగా, సేవను అమ్మేవి ఒమన్‌టెల్, ఊరీడూ వంటి వేరే సంస్థలు. లోపం ఎవరి భాగంలోదో తెలియకపోతే వినియోగదారుడు ఇద్దరి మధ్య నలిగిపోతాడు. కావున కనెక్షన్ ఇచ్చిన నాడే, ఇంటికి అందుతున్న కాంతి బలాన్ని సాంకేతికుడు కొలిచి పెట్టెమీద వ్రాసిపోవాలి. అది సాధారణంగా మైనస్ 8 నుండి మైనస్ 27 డి.బి.ఎం. లోపల ఉండాలి. ఆ ఒక్క అంకె ఉంటే, తరువాత వచ్చినవారు తేడాను క్షణంలో గ్రహించగలరు.

మన వంతుగా దీపాల రంగు, సమయం, చేసిన పరీక్షలు ఒక కాగితంమీద వ్రాసుకొని ఫోను చేద్దాం. ఆ పని పిల్లలకే అప్పగిద్దాం. ఒక్కొక్క కారణాన్నీ విడదీసి పరీక్షించడమే విజ్ఞానశాస్త్రమని వారికి వేరే పాఠం చెప్పనవసరం ఉండదు.