గోడల నడుమ ఎంత చోటు?

ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు. నగరవాసికి కట్టే యోగం ఎలాగూ తప్పింది. చూసి కొనుక్కోవడమే మిగిలింది. ఆ చూడడం మనకింకా అలవడలేదని నా అభిప్రాయం.

హైదరాబాదులో ఫ్లాటు చూడబోయిన తెలుగువాడి మొదటి ప్రశ్న గుమ్మం ఏ దిక్కున ఉందని. రెండవది చదరపు అడుగు ఎంత అని. దిక్కుల జోలికి నేను పోను, ఎవరి నమ్మకం వారిది. (దక్షిణపు గుమ్మానికి బేరమాడే వీలు ఎక్కువ కనుక, నమ్మనివారికి అదొక లాభం.) నా పేచీ అంతా రెండవ ప్రశ్నతోనే.

ఏ చదరపు అడుగు? అమ్మేవారు చెప్పే సూపర్ బిల్టప్ ఏరియాలో గోడల మందమే కాక మెట్లు, లిఫ్టు, నడవా, ఒక్కోచోట క్లబ్ హౌసు వాటా కూడా కలిసి ఉంటాయి. ఎంత కలపాలన్నది ఒక్కొక్కరికి ఒక్కొక్క లెక్క. అటువంటి రెండు ధరలను పోల్చడమంటే, వేర్వేరు మానికలతో కొలిచిన బియ్యాన్ని పోల్చడమే.

ఉదాహరణకు, ఒకచోట 1500 అడుగుల ఫ్లాటు, అడుగు 6,000 రూపాయలు అనుకుందాం. మొత్తం 90 లక్షలు. మరొకచోట 1400 అడుగులు, ధర 6,300. మొత్తం 88 లక్షల 20 వేలు. మొదటిది పెద్దదీ, చవకదీ అనిపిస్తుంది. కాని లోపల టేపు పెట్టి కొలిస్తే మొదటిదానిలో 1050, రెండవదానిలో 1080 అడుగులు తేలాయనుకోండి. అప్పుడు మనం మసలే చోటుకు మొదటిదానిలో అడుగుకు సుమారు 8,570, రెండవదానిలో 8,170 పడుతుంది. చవక అనుకున్నదే ఖరీదైనది, పైగా ఇరుకు!

2016 నాటి రెరా చట్టం ఈ గందరగోళానికి మందు చెప్పింది. బయటి గోడలు, పైపులు పోయే షాఫ్టులు, బాల్కనీ, సొంత టెర్రస్ మినహాయించి, లోపలి అడ్డుగోడలను మాత్రం కలుపుకొని, వాడుకోదగిన చోటే కార్పెట్ ఏరియా అని నిర్వచించింది. నమోదైన ప్రాజెక్టులు దానిని వెల్లడించవలసిందే. అడిగితే చెబుతారు, అడిగేవారేరీ? బజారులో వంకాయను తిప్పి తిప్పి పుచ్చు చూసే మనం, ఇరవై ఏళ్ళ వాయిదాలకు సంతకం పెట్టేముందు చేతిలో టేపు కూడా ఉంచుకోము. భూమిలో మన వాటా ఎన్ని గజాలో అడిగేవారు ఇంకా అరుదు. కట్టడం పాతబడేకొద్దీ విలువ నిలిచేది ఆ గజాలకే.

ఇక నమూనా ఫ్లాటు సంగతి. అక్కడి మంచాలు ఎంత పొడవున్నాయో, గదులకు తలుపులు అసలు బిగించారో లేదో గమనించండి. తలుపు లేని గది ఎప్పుడూ విశాలంగానే కనిపిస్తుంది.

ఆదివారం ఉదయం చూసిన ఇంటిని పనిరోజు సాయంత్రం, వీలైతే వాన వెలిసిన మర్నాడు మళ్ళీ చూడాలంటాను. 2020 అక్టోబరు వరదలలో ఈ నగరంలో చెరువుల దిగువ కాలనీలు ఎన్ని మునిగాయో చూశాము. ఎగువన చెరువుందా, నీరు ఏ దారిన పోతుందన్నది బ్రోషరులో ఉండదు. ఎండాకాలంలో రోజుకు ఎన్ని ట్యాంకర్లు వస్తాయన్నదీ ఉండదు. అది పక్క అపార్టుమెంటు వాచ్‌మన్‌ను అడగాలి.