రేడియో కోసం కోసేసిన చరణం

2008లో గెలిచిన రాత్రి ఒబామా చేసిన ప్రసంగంలో శామ్ కుక్ పాట ఛాయ వినిపించింది. 2020లో డెమొక్రాటిక్ పార్టీ మహాసభలో జెన్నిఫర్ హడ్సన్ అదే పాట పాడారు. ‘ఎ చేంజ్ ఈజ్ గాన్నా కమ్’ ఇవాళ అధికార వేదికల మీది ఆశాగీతం. అందుకే దాన్ని మనం మళ్లీ, మొత్తంగా వినాలంటున్నాం.

1963 అక్టోబరులో లూసియానాలోని ష్రీవ్‌పోర్ట్‌లో హాలిడే ఇన్ హోటల్ కుక్‌కు గది ఇవ్వలేదు. ఆయన ముందే ఫోన్ చేసి గది చెప్పి ఉంచారు. నిలదీసినందుకు శాంతిభంగం కేసు పెట్టి అరెస్టు చేశారు. అప్పటికే దేశమంతా తెలిసిన గాయకుడు! ‘డబ్బు, చదువు వస్తే వివక్ష అదే పోతుంది’ అని మనకు హితవు చెప్పేవాళ్లు ఈ కేసు చదవాలి.

1964 జనవరి 30న పాట రికార్డయింది. రెనే హాల్ కూర్చిన వాద్యగోష్ఠిలో వయొలిన్లు, ఫ్రెంచ్ హార్న్, టింపనీ ఉన్నాయి. పాట మాత్రం గొంతు మీదే నిలబడుతుంది. సోల్ స్టిరర్స్ బృందంలో దైవగీతాలు పాడి పెరిగిన గొంతు అది. అదే గొంతు ఈ పాటలో మరణం తర్వాత ఏముందో తనకు తెలియదని ఒప్పుకుంటుంది. అంటే మార్పు స్వర్గంలో కాదు, ఇక్కడే రావాలి. మాకు ఈ పాటలో అన్నిటికన్నా ధైర్యమైన చోటు ఇదే.

ఇంకో చరణం ఉంది. సినిమాకో, ఊరి నడిబొడ్డుకో వెళ్తే అక్కడ నిలబడొద్దని తరిమేస్తారన్నది దాని భావం. రెండు గ్లాసుల హోటళ్లున్న ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకు దీనికి వ్యాఖ్యానం అక్కర్లేదు. 1964 జులై 2న సంతకమైన పౌరహక్కుల చట్టం సరిగ్గా ఈ హోటళ్లలో, సినిమాహాళ్లలో వివక్షనే నిషేధించింది. చట్టం వచ్చాక, అదే డిసెంబరులో పాట సింగిల్‌గా విడుదలైనప్పుడు ఆ చరణం లేదు. రేడియోకు అనువుగా ఉండాలని కోసేశారు. వివక్ష జరిగే స్థలాల పేర్లు పోయి ఆశ ఒక్కటే మిగిలింది. అలాంటి ఆశను ఏ వేదిక మీదైనా పాడుకోవచ్చు, ఎవరికీ ఇబ్బంది ఉండదు. (అంబేడ్కర్ జయంతి సభల్లో రాజ్యాంగ నిర్మాత మాత్రమే మిగిలి, కులనిర్మూలన రాసిన మనిషి మాయమవడం మనకు కొత్త కాదు.)

ఆల్బమ్‌లో ఆ చరణం అలాగే ఉంది. పాట వినిపించే విద్యార్థి మిత్రులు అదే వినిపించాలి.

సింగిల్ బయటికి రాకముందే, డిసెంబరు 11న, కుక్ 33 ఏళ్లకే తుపాకీ గుండుకు చనిపోయారు. ష్రీవ్‌పోర్ట్ మేయర్ ఆయన కుటుంబానికి క్షమాపణ చెప్పింది 2019లో.