మూడో పిన్ను ఎందుకుంది?

మన హాస్టల్లో చదివి ఎలక్ట్రానిక్స్‌లో పీజీ చేసిన ముగ్గురం గత ఏడాది ఒకే రోజు ఒకే ఇంటర్వ్యూకు వెళ్లాం. విమాన పరికరాలు బాగుచేసే చిన్న సంస్థ అది, పేరు అనవసరం. ముగ్గురినీ విడివిడిగా పిలిచి అవే ప్రశ్నలు అడిగారు. ముగ్గురం ఒకే తప్పు చెప్పి బయటికొచ్చాం. వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ గారు అడిగినప్పుడు ఆ తప్పు గురించే రాద్దామనుకున్నాం. అది మా ముగ్గురికే పరిమితమైన తప్పు కాదని మా అనుమానం.

టేబుల్ మీద అరచేతిలో పట్టేంత పాత పరికరం ఒకటి పెట్టారు. స్విచ్ వేస్తే అద్దం వెనుక పసుపు కలిసిన తెలుపు రంగులో 8 అంకె వెలిగింది. లోపల వెలుగుతున్నదేమిటని అడిగారు. "ఎల్.ఇ.డి. సార్" అన్నాం. ఆయన ఏమీ అనకుండా వోల్టేజి తగ్గిస్తూ పోయారు. ఆ అంకె ముందు నారింజ రంగుకు, తర్వాత ఎరుపుకు మారి, చివరికి పొయ్యిలో ఆరబోయే నిప్పుకణికలా మిగిలింది. అప్పుడు కనబడ్డాయి ఏడు సన్నని తీగలు. మన పాత బల్బులో ఉండే టంగ్‌స్టన్ తీగే! విమానంలో బల్బు తీగ ఎందుకు పెట్టారని రెండో ప్రశ్న. "అప్పటికి ఎల్.ఇ.డి.లు లేవు కనుక" అన్నాం. అదీ మా తప్పు.

ఎల్.ఇ.డి.లు ఉన్నాయి. కంటికి కనిపించే ఎర్రని వెలుగునిచ్చే ఎల్.ఇ.డి.ని నిక్ హోలోన్యాక్ 1962లోనే చేసి చూపించాడు. 1972లో వచ్చిన హెచ్.పి.-35 కాలిక్యులేటర్‌లో ఎర్రని ఎల్.ఇ.డి. అంకెలే ఉన్నాయి. అవి ఎంత చిన్నవంటే పైన భూతద్దాలు పెట్టాల్సి వచ్చింది. ఎండలోకి తీసుకెళితే అంకె కనబడేది కాదు. గదిలో లెక్కలు చేసుకునేవాడికి అది ఇబ్బంది కాదు, నీడలోకి జరుగుతాడు. పైలట్ ఎక్కడికి జరగాలి? మేఘాల పైన కాక్‌పిట్‌లో నేరుగా పడే ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది.

ఇక చలి సంగతి. 11 కిలోమీటర్ల ఎత్తున బయట ప్రామాణిక ఉష్ణోగ్రత మైనస్ 56.5 డిగ్రీలు. రాత్రంతా మంచులో నిలబెట్టిన విమానం తెల్లవారి లేచేటప్పుడు లోపలి పరికరం కూడా గడ్డకట్టేంత చల్లగానే ఉంటుంది. ఆనాటి ఎల్.సి.డి.లో ద్రవ స్ఫటికం ఆ చలికి నెయ్యిలా చిక్కబడి, అంకె మారడానికే తాత్సారం చేసేది. నియాన్ వాయువుతో వెలిగే నిక్సీ గొట్టాలకు చలి బెడద లేదు గానీ వాటికి 170 వోల్టుల దాకా కావాలి. పైకి వెళ్లి గాలి పీడనం తగ్గేకొద్దీ రెండు పిన్నుల మధ్య తక్కువ వోల్టేజికే నిప్పురవ్వ దూకుతుంది. అలాంటి చోట అధిక వోల్టేజి తీగలు లాగడం ఏ ఇంజనీరుకూ ఇష్టముండదు.

టంగ్‌స్టన్ తీగకు ఈ బాధలేవీ లేవు. 4.5 వోల్టులు, 5 వోల్టులు ఇస్తే చాలు. 1970 ప్రాంతంలో అమెరికాలో ఆర్.సి.ఏ. సంస్థ న్యూమిట్రాన్ పేరుతో ఇలాంటి అంకెల గొట్టాలు తెచ్చింది. సోవియట్ యూనియన్‌లో ఐ.వి.-9 అనే గొట్టం తయారైంది, దానిలో ఒక్కో గీతకు సుమారు 20 మిల్లీ ఆంపియర్లు చాలు. తీగ వెలుగులో అన్ని రంగులూ ఉంటాయి కాబట్టి పైన ఏ రంగు గాజు పెడితే ఆ రంగు అంకె. పగలు పూర్తి వెలుగు, రాత్రి పైలట్ కళ్లు చెదరకుండా నిప్పుకణిక వెలుగు. ఒక్క నాబ్ తిప్పితే సరి.

"తీగ కదా, అదురుకు తెగిపోదా?" అని మీరు అడుగుతారు. మేమూ అదే అడిగాం. ఇంట్లో బల్బు చేతిలోంచి జారితే తీగ తెగడం అందరం చూసిందే. కానీ మన వరండాలో బట్టల దండెం చూడండి. ఈ గోడ నుంచి ఆ గోడకు వదులుగా కట్టిన తాడు గాలికి ఊగుతుంది. అదే తాడు జానెడు ముక్క బిగించి కడితే ఊగదు. అంకెలోని తీగ చాలా పొట్టిది, తేలికది, బిగువుగా కట్టింది. దాని సహజ పౌనఃపున్యం ఇంజన్ అదురు కంటే ఎంతో పైన ఉండేలా చూస్తారు. అందువల్ల ఇంజన్ ఎంత అదిరినా తీగ దానితో కలిసి ఊగదు. దీనికి తోడు తీగను పూర్తిగా మండించరు. టంగ్‌స్టన్ బల్బు వోల్టేజిని పది శాతం తగ్గిస్తే వెలుగు 30 శాతం దాకా పోతుంది, ఆయుష్షు మాత్రం మూడు రెట్లు దాటుతుంది. ఇంకా తగ్గిస్తే ఆయుష్షు ఇంకా పెరుగుతుంది. చల్లని తీగకు నిరోధం చాలా తక్కువ కనుక స్విచ్ వేసిన క్షణంలో కరెంటు ఒక్కసారిగా ఎగబడుతుంది. పాత బల్బులు స్విచ్ వేయగానే టప్పుమని పోయేది అందుకే. దానికీ ఉపాయం ఉంది. వెలుగు కనబడనంత కొద్ది కరెంటు ఎప్పుడూ పంపుతూ తీగను గోరువెచ్చగా ఉంచుతారు.

ఇదంతా మనకు కొత్తేమీ కాదు. మేం ఆరో తరగతిలో ఉన్నప్పుడు సాయంత్రం పూట లో వోల్టేజి వస్తే స్టడీ హాల్లో ట్యూబ్‌లైట్లు రెండు కొసలా ఎర్రబడి మినుకుమినుకుమనేవి తప్ప వెలిగేవి కావు. వంటగదిలో పొగపట్టిన గుండు బల్బు మాత్రం ఎర్రగానైనా వెలుగుతూ ఉండేది. పరీక్షల రోజుల్లో పుస్తకాలు పట్టుకుని వంటమనిషి అక్క దగ్గరికే పోయేవాళ్లం. అయినా "ఫిలమెంటు బల్బు అంటే పాతది, దండగ" అని పరీక్షలో రాశాం, మార్కులు తెచ్చుకున్నాం. కళ్లతో చూసినదాన్ని చదువులోకి తెచ్చుకోలేకపోయాం.

మూడో ప్రశ్న ఇంకా ఘోరం. డిజిటల్ ల్యాబ్‌లో 7447 ఐ.సి. వాడని ఎలక్ట్రానిక్స్ విద్యార్థి ఉండడు. దానికి ఎఫ్.ఎన్.డి. 507 కలిపి 0 నుంచి 9 దాకా వెలిగించి రికార్డు రాస్తాం. "దాని మూడో పిన్ను ఏమిటి?" అన్నారు. "ల్యాంప్ టెస్ట్ సార్, 5 వోల్టులకు కలపాలి" అని ఠక్కున చెప్పాం. "ఎందుకుంది?" అన్నారు. మౌనం.

మాన్యువల్‌లో 3, 4, 5 పిన్నులను 5 వోల్టులకు కలపమని ఉంది. కలిపాం. నలుగురికి ఒక బోర్డు, రెండు గంటల సమయం. ఆ పిన్నును గ్రౌండ్‌కు కలిపితే ఏడు గీతలూ ఒకేసారి వెలుగుతాయి. ఎందుకు వెలగాలంటే, 8లో మధ్య గీత కాలిపోతే అది 0గా కనబడుతుంది. 7లో పై గీత పోతే 1 అవుతుంది. అసలు వెలగని పరికరం నయం, అది పాడైందని తెలుస్తుంది. 18,000 అడుగులను 10,000 అని తాపీగా చూపించే పరికరం ప్రాణం తీస్తుంది. అందుకే బయలుదేరే ముందు మీట నొక్కి అన్ని గీతలూ బతికున్నాయో లేదో చూసుకోవాలి. పేరులోనే "ల్యాంప్" అని ఉంది. ఏ సెమిస్టర్‌లోనూ మేం ఆ మాటను నిలబెట్టి అడగలేదు.

తీగల అంకెలే గొప్పవని మేం అనడం లేదు. ఇంట్లో గుండు బల్బు తినే కరెంటులో ఐదు శాతం కూడా వెలుగుగా మారదు. 2015లో ఉజాలా పథకం కింద ఎల్.ఇ.డి. బల్బులు ఊళ్లకు రావడం మంచిదే, మా ఇళ్లలోనూ బిల్లు తగ్గింది. కొత్త విమానాల్లో ఇప్పుడు పెద్ద ఎల్.సి.డి. తెరలే ఉన్నాయి. వెనుక దీపం బలంగా పెట్టి, అవసరమైన చోట చలికి హీటరు కూడా పెట్టి వాటిని ఆ పనికి తగినట్టు చేశారు. మా వాదన ఒక్కటే: ఏది పాతది ఏది కొత్తది అన్నది ఇంజనీరు అడిగే ప్రశ్న కాదు. ఎక్కడ పనిచేయాలి, పాడైతే ఎలా పాడవుతుంది అన్నవే అసలు ప్రశ్నలు. అమెరికా సైన్యం 1962లో మిల్-స్టాండర్డ్-810 రాసుకున్నా, మన దేశంలో సైనిక పరికరాలకు జె.ఎస్.ఎస్. 55555 ఉన్నా, వాటిలో ఉండేవి చలి, వేడి, తేమ, అదురు, దెబ్బ వంటి పరీక్షలే. మా సిలబస్‌లో ఆ పేర్లు ఒక్కసారి కూడా రాలేదు.

తీగ గట్టిదనం మాట వచ్చింది కాబట్టి ఒక మనిషిని కూడా తలచుకోవాలి. లూయిస్ లాటిమర్. 1848లో పుట్టాడు. తల్లిదండ్రులు వర్జీనియాలో బానిసత్వం నుంచి పారిపోయి వచ్చినవాళ్లు. పేటెంట్ల ఆఫీసులో బంట్రోతుగా చేరి, పక్కవాళ్ల పని చూస్తూ సొంతంగా డ్రాయింగ్ నేర్చుకున్నాడు. ఆయనే ఫిలమెంటు కనిపెట్టాడని కొన్నిచోట్ల రాస్తారు, అది నిజం కాదు. ఆ రోజుల్లో కార్బన్ తీగలు కాల్చేటప్పుడే విరిగిపోయేవి. వాటిని అట్ట కవర్లలో పెట్టి కాల్చి విరగకుండా చేసే పద్ధతికి 1882లో పేటెంటు పొందాడు. విరుగుతున్నదని అందరికీ తెలుసు. ఎందుకు విరుగుతున్నదో చూసినవాడు ఆయన.

మన ఇళ్లలో ఈ విషయాలు అడిగితే చెప్పేవాళ్లు లేరు. క్లాసులో అడిగితే నవ్వుతారని భయం. అందుకని కంఠతా పట్టాం. పీజీ అయ్యాక ఏదో ఒక సాఫ్ట్‌వేర్ కోర్సుకు అమీర్‌పేట బస్సు ఎక్కడం తప్ప దారి లేదనుకునే స్థితి అక్కడి నుంచే వస్తోంది. ల్యాబ్ రికార్డులో ప్రతి ప్రయోగం కింద "ఈ కనెక్షన్ ఎందుకు?" అని ఒక పేజీ పెట్టమని, ఎక్స్‌టర్నల్ వైవాలో సగం మార్కులు దానికే ఇవ్వమని మేం కాలేజీలను కోరుతున్నాం. వాళ్లు ఎప్పుడు పెడతారో తెలియదు. హాస్టల్లో మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు.

వార్షికోత్సవం మరునాడు ఉదయం స్టడీ అవర్‌కు మేం ముగ్గురం వస్తున్నాం. 6 వోల్టుల చిన్న బల్బులు ఏడు, ఒక 7447, ఏడు ఎస్.కె.100 ట్రాన్సిస్టర్లు తెస్తాం. బల్బుల కరెంటు ఐ.సి. మోయలేదు కనుక ట్రాన్సిస్టర్లు. 6 వోల్టుల బల్బుకు 5 వోల్టులే ఎందుకు ఇస్తున్నామో పైన చదివినవాళ్లు చెప్పాలి. డిగ్రీ, డిప్లొమా తమ్ముళ్లు బ్రెడ్‌బోర్డు తెచ్చుకోండి. మధ్య బల్బు మేమే విప్పేసి ఉంచుతాం.