చిన్నపిల్లలకు ఏ గాలం మంచిది?

సంక్రాంతి సెలవులు దగ్గర పడుతున్నాయి. నాన్న, చిన్న తమ్ముడు కలిసి చేపలు పట్టడానికి ఏం కొనుక్కుపోవాలి అని మన హాస్టల్లో వాదన నడుస్తోంది. టౌనులో అమ్మే రీలు గాలమే కొనాలని కొందరు అంటున్నారు. వెదురు కర్ర అడివోళ్ళదంట! ఆ మాట నాకు నచ్చలేదు.

రీలు ఉన్నది దూరంగా విసరడానికి. అయిదారేళ్ళ పిల్లవాడికి దొరికేవి ఒడ్డు పక్కన తిరిగే పక్కెలు, పరిగెలు, జెల్లలు. వాటికి రీలెందుకు? దారం చిక్కుపడితే నాన్న విప్పుతూ కూర్చుంటాడు, ఈలోగా పిల్లవాడు నీళ్ళ అంచుకు పోతాడు.

నా అభిప్రాయం ఏమంటే, ఇద్దరికీ ఒక్కటే గాలం చాలు. అది పిల్లవాడి చేతిలో ఉండాలి. నాన్న చేతులు ఖాళీగా ఉండాలి. సంక్రాంతికి శబరి తేటపడుతుంది గానీ ఒడ్డు రాళ్ళు పాచిపట్టి ఎంత జారతాయో మనకు తెలుసు. నాన్నకు కూడా గాలం ఇస్తే ఆయన చూపంతా బెండు మీదే. ఎవరి నాన్నయినా అంతే!

కర్ర అయిదారడుగుల సన్న వెదురు కావాలి. పచ్చిది బరువు, ఎండినదే మేలు. దారం కర్రంత పొడవే కట్టాలి. కర్ర నిలబెట్టగానే కొక్కెం చేతికొస్తుంది. బెండుకు జీలుగు ముక్క, ఎరకు ఎర్రలు. కొక్కెం కొనేటప్పుడు మాత్రం చూసుకోండి, నంబరు పెరిగేకొద్దీ సైజు తగ్గుతుంది. 6 కన్నా 12 చిన్నది. పక్కెలకు 12 అడగండి. కొన దగ్గర వెనక్కి తిరిగిన ముల్లును పట్టకారుతో నొక్కేస్తే, వేలికి గుచ్చుకున్నా సులువుగా వచ్చేస్తుంది. కొన్ని చేపలు జారిపోతాయి, పోనీయండి. జెల్ల పడితే నాన్నే తీయాలి. దాని ముళ్ళు గుచ్చితే పెద్దోళ్ళే ఏడుస్తారు.

ఖర్చు లేదని కొందరు దోమతెర పట్టుకొని వాగులో లాగుతారు. పిల్లలతో కూడా లాగిస్తారు. అది మలేరియా రాకుండా ఇచ్చిన తెర. సన్న కన్నాల్లో చేపపిల్లలన్నీ పడిపోతాయి. తెరకు పట్టించిన మందు చేపలకు విషం. మరి ఆ రాత్రి దోమలు ఎవరిని కుడతాయి?

వార్డెన్ సారుకు ఒక మనవి. మన కంచె బాగుచేసినప్పుడు మిగిలే సన్న వెదుర్లు వంటపొయ్యిలోకి పోకుండా మాకు ఇప్పించండి. దారం, కొక్కేలు సంతలో మేమే కొనుక్కుంటాం. ఒక్కొక్కరం నాలుగేసి కొనాలి, రాళ్ళకు పట్టుకొని తెగిపోతుంటాయి.